డబ్బా మొదట చేసినాయన

షఫీవుల్లా గుట్టెక్కి దర్గాకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఖలందర్ షా బాబా పొయ్యి దగ్గర కూర్చుని పులగం కలియబెడుతున్నారు. శిష్యుడి ముఖం చూసి "కూర్చో నాయనా" అన్నారు.

షఫీ తనే చెప్పుకొచ్చాడు. పెళ్ళి మాట కూడా మరిచిపోయి, ఊరవతల రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి ఒక్కడే కూర్చుని ఒక డబ్బా తయారుచేశాడు. నురుగు ప్లాస్టిక్‌ది. లోపల పులుసు పొగలు కక్కుతున్నా బయట పట్టుకుంటే చెయ్యి కాలదు. పేటెంట్ అడిగితే ఒక పెద్ద కంపెనీ అడ్డు తగిలింది. ఎక్కడో పరదేశంలో, షఫీ పుట్టకముందే, ఒకాయన ఇదే డబ్బా చేసే పద్ధతి రాసిపెట్టి చనిపోయాడట. కంపెనీవాళ్ళు ఆ పాత కాగితం తెచ్చి పేటెంట్ ఆఫీసులో పెట్టారు. ఇందులో కొత్తేమీ లేదని ఆఫీసువాళ్ళు పేటెంట్ ఇవ్వలేదు.

"నేను కాపీ కొట్టలేదు బాబా. ఆయనెవరో కూడా నాకు తెలీదు."

"తెలుసు నాయనా."

"అప్పీలుకు పోదామంటున్నాడు లాయరు. ఆయన ఊరికే రాసినాడే గానీ ఆ పద్ధతిలో డబ్బా తయారు కాదని నేను ప్రమాణం చేసి చెప్పాలంట. చెప్తే గెలుస్తామంట. మీ దువా కోసం వచ్చినా."

బాబా చెయ్యి ఆగింది. "తయారు కాదా?"

షఫీ తల తిప్పుకున్నాడు. కింద రోడ్డు మీద ఏదో లారీ పోయింది. దాని చప్పుడు దూరమైపోయింది.

"ఆ కాగితం చివర్లో ఒక మాటుంది బాబా" అన్నాడు మెల్లగా. "డబ్బా పోసిన అచ్చు తొందరపడి తెరిస్తే మూలల్లో బుడగలు చితికిపోతాయి, కాస్త ఓర్చుకోవాలి అని. ఎన్ని డబ్బాలు పాడుచేసుకుంటే తెలిసింది నాకా సంగతి! తెలిసిన రోజు మా అన్నావాళ్ళకు చెప్తే నవ్వినారు. మళ్ళీ ఎవరికీ చెప్పలేదు."

"ఆయన పేరేమి?"

"కాగితం మీద ఉండె. నేను చూసుకోలేదు."

బాబా లేచి లోపలికెళ్ళి పళ్ళేలు తెచ్చారు. ఒకటి తన ముందు, ఒకటి షఫీ ముందు పెట్టారు. ఇంకొకటి భుజం మీది తువ్వాలుతో తుడిచి, చాప మీద ఖాళీగా ఉన్నచోట పెట్టారు.

షఫీ గుమ్మం వైపు చూశాడు. "ఇంకెవరన్నా వస్తున్నారా బాబా?"

బాబా గరిటె అతని చేతికిచ్చారు.

"ముందొచ్చినాయనకు ముందు వడ్డించు."

షఫీ ఆ ఖాళీ పళ్ళెం వైపు చూశాడు. తర్వాత కొంచెం ముందుకు జరిగి, ఆ పళ్ళెంలో పులగం పెట్టాడు. ఇంకొంచెం పెట్టాడు.

దాని మీది ఆవిరి పోయేదాకా ఇద్దరూ తమ పళ్ళేల వైపు చూడలేదు.