ఈతతుప్పల పక్క తెల్లమంద

ఐలయ్య మందలో గొర్రెలు రెండు రకాలు. అతని దొడ్లోనే పుట్టి పెరిగిన నల్ల ఉన్నిగొర్రెలు కొన్ని. పోయిన ఏడు సంతలో కొనుక్కొచ్చిన పొడుగు కాళ్ళ తెల్లగొర్రెలు కొన్ని. ఇవి నెల్లూరు వైపువి, నడకలోనే ఒక టెక్కు. రెంటికీ మేత ఒకటే, నీళ్ళు ఒకటే, ఐలయ్య కర్ర దెబ్బ కూడా ఒకటే. అయినా తెల్లవాటికి తాము ఆకాశం నుంచి ఊడిపడ్డామని నమ్మకం.

రోజూ పొద్దుగూకే వేళకు ఐలయ్య కుక్కను వెంటబెట్టుకుని ఊళ్ళోకి నీళ్ళకు పోయేవాడు. అతను తిరిగొచ్చేదాకా మందకు మందే కాపలా. ఎక్కడ నిలబడాలో, ఎలా నిలబడాలో గొర్రెలే తేల్చుకోవాలి.

ఆ కాసేపంటేనే ముత్యాలుకు గుండె దడ. ముత్యాలు తెల్లగొర్రె, తొలిచూలు తల్లి. పిల్ల ఒళ్ళంతా తెల్లగా ఉంటుంది గాని, ఎడమ చెవి వెనక ఒక నల్లమచ్చ. తనవాళ్ళు చూస్తే ఏమంటారోనని ఎప్పుడూ పిల్లకు ఎడమపక్కనే నిలబడేది. తోడేలు భయం ఒకటి, తనవాళ్ళ భయం ఒకటి. రెంటి మధ్యా దానికి మేసింది ఒంటబట్టేది కాదు.

ఆ రోజు మంద కొత్త బీడులో దిగింది. తెల్లవాటి పెద్ద ధవళయ్య, మెలికల కొమ్ముల పొట్టేలు, మెడ ఎత్తి చెప్పాడు: "సందేళ మనం ఆ ఈతతుప్పల పక్కన నిలబడదాం. గడ్డి పచ్చంగా ఉండాది."

నల్లగొర్రెల్లో ముసలిది కర్రెవ్వ తల అడ్డంగా ఊపింది. "వద్దు ధవళయ్యా. తుప్పల తోడేలు దాక్కుంటే మనకు అవుపడదు. నడిమి దుక్కిల నిలబడుదాం, నాలుగు దిక్కులు అవుపడతయి. పిల్లలు లోపట, పెద్దోళ్ళు చుట్టూ. మా అమ్మల నాటి సంది గట్లనే నిలబడుతున్నం."

"ఏందమ్మే! గొంగళ్ళకు తప్ప ఎందుకూ కొరగాని మీరా మాకు చోటు చెప్పేది? ముందు ఆ ఉన్ని కంపు కడుక్కోండి, ఆనక బుద్ధులు చెబుదురు గానీ."

తెల్లగొర్రెలన్నీ నవ్వాయి. తుప్పల్లో తోడేలు ఉంటుందా ఉండదా అన్నది కర్రెవ్వ అడిగిన సంగతి. దానికి ధవళయ్య దగ్గర జవాబు లేదు. జవాబు లేనివాడు ఎదుటివాళ్ళ ఒంటి మీద పడతాడు, లోకం తీరే అంత.

ముత్యాలు కూడా నవ్వింది. నవ్వకపోతే అందరూ తన వైపు చూస్తారని నవ్వింది. అంతకుముందే, మధ్యాహ్నం ఆ తుప్పల దగ్గర మేస్తుంటే తోడేలు వాసన దాని ముక్కుకు తగిలింది. ఆ మాట చెబితే నల్లవాళ్ళ పక్షమంటారని పిల్లకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

కాసేపటికి గట్టు మీద గుంటనక్క కనబడింది. తోడేలుతో దానికి ముందే ఒప్పందం ఉంది: మందను చీల్చిపెడితే వేట తోడేలుది, మిగిలిన ఎముకలు నక్కవి.

"ధవళయ్య గారూ, దండాలు. తమరంతటి వారిని ఆ ముసలిది నలుగురిలో తప్పుపట్టిందట. విని కడుపు మండిపోయిందనుకోండి."

ధవళయ్య ముక్కుపుటాలు అదిరాయి. "తప్పుపట్టిందా? అవును, తప్పే పట్టింది!"

"అది తమరి మాటను అన్నట్టు కాదు, తమరి జాతినే అన్నట్టు. ఇంకా వాళ్ళతో కలిసి నిలబడితే ఏం మర్యాద? తమరు వేరుగా నిలబడండి. పాలనురుగు లాంటి పిల్లల్ని ముందు వరసలో పెట్టండి. దారిన పోయేవాళ్ళంతా చూసి మురిసిపోవాలి."

"అట్టానే చేస్తాం!" అన్నాడు ధవళయ్య. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా?

ముందు వరస. తుప్పలకు ఎదురుగా. పిల్లలు. ఇక నోరు మూసుకుని ఉండటం ముత్యాలువల్ల కాలేదు.

"మామా, ఒక్క మాట. మధ్యాన్నం ఆ తుప్పల్లో నాకు తోడేలు వాసనొచ్చింది. కర్రెవ్వ చెప్పింది నిజమేమో. పిల్లల్ని మాత్రం ముందు పెట్టొద్దు మామా."

ధవళయ్య తిన్నగా దాని దగ్గరికొచ్చి, పిల్లను కొమ్ముతో ఇటు తిప్పాడు.

"చూశారా, ఆ చెవి వెనక! నాకు ముందే తెలుసు. ఇది ఆ నల్లదాన్ని వెనకేసుకొస్తా ఉండాది. ఎందుకో ఇప్పుడు తెలిసిందా? పోవమ్మే, నీ వాళ్ళ దగ్గరికే పో!"

"మచ్చ సంగతి కాదు మామా, తోడేలు సంగతి..."

వినేవాళ్ళు లేరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో వాదనేమిటి? ఇన్నాళ్ళూ దేనికి భయపడిందో అదే జరిగింది. పిల్లను ముందు నడిపించుకుని ముత్యాలు దుక్కి వైపు వెళ్ళింది. వెనక నుంచి నవ్వులు వినబడ్డాయి. అయితే నవ్వినవాళ్ళు మునుపటి కంటే తక్కువ.

దుక్కిలో నల్లగొర్రెలు గుండ్రంగా నిలబడి ఉన్నాయి. కుర్రపొట్టేలు ఎంకడు అడ్డం వచ్చాడు. "అవ్వా, దీన్ని రానియ్యకు. ఇందాక మనల జూసి నవ్వలేదా? పైగా తెల్లగ మెరుస్తది. దీన్ని జూసి తోడేలు మన మీదికే వస్తది."

ముత్యాలు తల దించుకుంది. ఇక్కడా చోటు లేకపోతే పిల్లతో ఎక్కడికి పోవాలి?

కర్రెవ్వ ఎంకణ్ణి కసరలేదు. "నువ్వు రెండు మాటలన్నవు. రెండూ ఆలోచించేవే. బిడ్డా, నవ్వినవా?"

"నవ్వినాను అవ్వా. భయపడి నవ్వినాను. తప్పే."

"ఒక మాట తీరింది. ఇగ మెరిసేది కూడ నిజమే. గాని దానికి మందున్నది." వెనకనున్న రేగడి బురదగుంటను చూపించింది. "పొర్లు. పిల్లనూ పొర్లించు. ఎంకా, ఇప్పుడేమంటవు?"

ఎంకడు బురద కారుతున్న తల్లీపిల్లల్ని ఎగాదిగా చూశాడు. "ఇప్పుడైతే ఏమనను. పిల్లను నడుమకు తోలు," అని పక్కకు జరిగాడు.

సందె చీకటి పడుతోంది. ముత్యాలు కళ్ళు మాత్రం తుప్పల వైపే ఉన్నాయి. అక్కడున్నవాళ్ళు తనను తరిమినవాళ్ళే, అయినా తనవాళ్ళే. అప్పుడు దానికొక చిత్రం కనబడింది. ఒక తల్లి ఏమీ ఎరగనట్టు మేస్తూ మేస్తూ తన పిల్లను వెనక్కి నెట్టింది. దాన్ని చూసి ఇంకొకటి. ఆ తర్వాత మరొకటి. పైకి ఒక్కరూ ముత్యాలు మాట ఒప్పుకోలేదు, కానీ ఒక్క తల్లీ ఆ మాట మరిచిపోలేదు. చివరకు ముందు వరసలో మెడ ఎత్తి మెరుస్తూ నిలబడింది ధవళయ్య ఒక్కడే.

తుప్పలు కదిలాయి. తోడేలు ఒక్క దూకు దూకి అతని చెవి అందుకుంది.

"మామా!" అని అరిచింది ముత్యాలు. తెల్లగొర్రెలు పిల్లలతో సహా దుక్కి వైపు పరుగు తీశాయి. నల్లగొర్రెలు వీటిని రానిస్తాయా?

"జరుగుండ్రి!" అంది కర్రెవ్వ. గుండ్రం విచ్చుకుని అందరినీ లోపలికి తీసుకుని మళ్ళీ మూసుకుంది. ధవళయ్య అందరికంటే వెనక, గిలగిల కొట్టుకుని విడిపించుకుని, సగం చెవితో వచ్చి పడ్డాడు. అప్పటికే ఊరి దారిలో కుక్క మొరుగుతోంది. తోడేలు నోట్లోని చెవిముక్క ఉమ్మేసి నక్క వైపు తిరిగింది.

"ఇదేనా నువ్వు చెప్పిన విందు?"

నక్క తోక ముడిచి గట్టు దాటింది. మళ్ళీ ఆ బీడు ఛాయలకు రాలేదు.

మర్నాడు ధవళయ్య అందరితో, "ఆ నక్క మీద నాకు మొదటి నుంచీ అనుమానమే," అన్నాడు. ముత్యాలుకు గాని, కర్రెవ్వకు గాని క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. పెద్దరికం కదా! ముత్యాలుకు మనసు చివుక్కుమన్న మాట నిజం. అయినా పిల్లను తీసుకుని మేతకు పోయింది.

సాయంత్రం మంద వేరే బీడులో దిగింది. "రాళ్ళగుట్ట నీడన నిలబడదాం," అన్నాడు ధవళయ్య.

"వద్దు మామా, గుట్ట వెనక ఏముందో కనబడదు," అంది ముత్యాలు. ఈసారి పిల్ల చెవి మచ్చను దాచాలని కూడా చూడలేదు.

ధవళయ్య కొమ్ములు పైకి లేచాయి. నోరు తెరిచాడు. కొత్త పుండు ఉన్న సగం చెవి చురుక్కుమంది. లేచిన కొమ్ములు దించాడు.

"అయితే యాడ నిలబడాలంటావో చెప్పమ్మే. వింటాను."

నీతి: మాటకు జవాబు మాటే, చెప్పినవాళ్ళ రంగు జవాబు కాదు.