దివాను గారి సైకిలు గొలుసు

"మూడేళ్లుగా రోజూ సైకిలు తొక్కుకుంటూ ఊరూరా తిరుగుతున్నాను ప్రభూ, ఎక్కడా నీటికి కొరత లేదు" అని కొలువులో దివాను గారు గొప్పగా చెప్పారు.

తమ ఊరికి బావి అడగడానికొచ్చిన పైడితల్లి సైకిళ్లు బాగుచేసే మనిషి. దివాను గారి సైకిలు గొలుసునూ, దానితోపాటే కొన్న తపాలా బంట్రోతు సైకిలు గొలుసునూ ఊడదీసి పక్కపక్కన వేలాడదీసింది. బంట్రోతుది రెండు వేళ్లు కిందికి దిగింది.

"లింకులు సమానమే ప్రభూ. తొక్కేకొద్దీ దుమ్ము చేరి, లోపలి పిన్నులు అరిగి గొలుసు సాగుతుంది. దివాను గారిది కొన్నప్పుడెంతో ఇప్పుడూ అంతే."

రాజు పకపకా నవ్వి బావి మంజూరు చేశాడు. "దివాను గారూ, మీ గొలుసూ అంత సాగాకే కొలువుకు రండి."

మర్నాడే దివాను గారు పైడితల్లి కొట్టుకొచ్చారు. "గొలుసు తొందరగా సాగే ఉపాయం ఏమైనా ఉందా అమ్మా?"

"ఉంది బాబయ్యా. మా ఊరి దారిన తొక్కండి, మోకాలి లోతు దుమ్ము!"