పిలుపులమ్మ వెలసిన జమ్మిచెట్టు

రాజస్థాన్ ఎడారి జాతీయ వనంలో ఇసుక దారిన వెళ్లే యాత్రికుల బండ్లు ఈ జమ్మిచెట్టు దగ్గర తప్పక ఆగుతాయి. చెట్టు కింద మోకాలెత్తు రాయి ఉంది. ఆమే పిలుపులమ్మ తల్లి. గోపురం లేదు, పైకప్పు లేదు. ఎండ మాత్రం కావలసినంత ఉంటుంది గనుక చెప్పులు నీడలో విడవవలసిందిగా భక్తులకు మనవి.

పూర్వం ఇక్కడ అమ్మవారున్నట్టు ఎవరికీ తెలియదు. పూర్వమంటే కృతయుగం కాదు, వ్యాన్లలో క్యాసెట్లు మోగే కాలం. చెరుకుపల్లికి చెందిన ఒక పెద్ద కుటుంబం రెండు వ్యాన్లలో ద్వారక యాత్ర చేసి, ఎడారి కూడా చూద్దామని ఇటు మళ్లింది. వారి పెద్దదిక్కు మాణిక్యాంబ గారు. ఆమె ఒక బండిలో కూర్చుంటే రెండో బండివారు అలిగేవారు. అందుకని ఆ మహాతల్లి ఆగిన ప్రతిచోటా బండి మారేవారు.

ఈ చెట్టు దగ్గర ఆగినప్పుడు, దూరాన తిరుగుతున్న బట్టమేక పక్షిని చూడాలని ఆమె దిబ్బ దాటి వెళ్లారు. ఆమె అవతలి బండి ఎక్కారని వీరూ, ఇవతలి బండి ఎక్కారని వారూ అనుకున్నారు. రెండు బండ్లూ కదిలిపోయాయి.

తిరిగివచ్చిన మాణిక్యాంబ గారికి చక్రాల జాడలే మిగిలాయి. నెత్తిన నిప్పులు చెరిగే ఎండ, చేతిలో చిన్న మరచెంబు. ఆమె చెట్టు కింద చతికిలబడి, అక్కడి రాతిని చూసి, "నిన్ను కూడా మరిచిపోయి వెళ్లారటమ్మా?" అంటూ ఉన్న నీళ్లలో సగం దాని నెత్తిన పోశారు. పిదప తనవారిని పేరుపేరునా పిలవసాగారు. గొంతు పోయేదాకా పిలిచారు.

ముందుకు సాగిపోయిన బండ్లవారికి, భోజనాలకు ఆగి పులిహోర మూట విప్పితే గాని సంగతి తెలియలేదు.

"వదినేదీ, వడ్డించదూ?" అని మరిది కోటిలింగం గారు అడిగారు.

"మీ బండిలో లేదా?" అన్నారు రెండో బండివారు.

ముద్ద ముట్టకుండా అందరూ వెనక్కి వచ్చారు.

వచ్చేసరికి ఖేతారామ్ అనే మేకల కాపరి ఆమె చేత మజ్జిగ తాగిస్తున్నాడు. కోటిలింగం గారు వదిన కాళ్ల మీద పడి భోరుమన్నారు.

"ఏడుపు తర్వాత గానీ, అన్నాలు తిన్నారా లేదా?" అని ఆమె బొంగురుగొంతుతో కసిరారు.

కాపరి చెప్పిన మాటను డ్రైవరు తెలుగులో వినిపించాడు. "ఇద్దరు ఆడవాళ్లు పిలుస్తుంటే విని వచ్చాను. ఈమె గొంతు ఆగిపోయాక కూడా రెండో ఆమె పిలుస్తూనే ఉంది. ఆమె ఏదీ?"

అందరూ రాతివైపు తిరిగారు. అంత ఎండలోనూ దాని నెత్తిన తడి ఆరలేదు. తల్లి చల్లని మనసుకు అదే నిదర్శనం.

నేటికీ ఇక్కడినుంచి కదిలేముందు ఒక బండివారు రెండో బండివారిని పేరుపేరునా పిలుస్తారు. "ఉన్నాను" అన్న జవాబు వినకుండా ఏ బండీ బయలుదేరదు. ఒంటరిగా వచ్చిన భక్తుల పేరు అడిగి, ఖేతారామ్ వంశంలోని పూజారి తానే పిలుస్తాడు. ఇక్కడ పిలుపందుకున్న వారిని అయినవారు ఎన్నడూ మరువరని నమ్మకం. మాణిక్యాంబ గారు కాలం చేసి చాలా ఏళ్లయినా మొదటి పిలుపు ఆమెదే. ఆ పేరు వినగానే, ఎక్కడి నుంచి వచ్చినవారైనా సరే, అందరూ ఒక్క గొంతుతో "ఉన్నాను" అంటారు.