గాడిద మీద రాజద్రోహం

కోనగిరి రాజు ఉద్దండ భూపతికి ఓ ఉదయం నిండు కొలువులో పాట పాడాలనిపించింది. ఆయన గొంతెత్తాడో లేదో, వీధిలోంచి ఓ గాడిద ఓండ్ర పెట్టింది. శ్రుతి సరిగ్గా కలిసింది. సభ పగలబడి నవ్వింది.

రాజుకు ఒళ్లు మండిపోయింది. "ఆ గాడిద మీద రాజద్రోహం మోపండి!"

"విచారణ జరిపిస్తాం ప్రభూ" అంది అక్కమాంబ. న్యాయశాఖలో అభియోగాలు రాసే ఉద్యోగం ఆమెది. ముసలి న్యాయమంత్రి మంచాన పడ్డాక శాఖ బరువంతా ఆమె మీదే పడింది.

కొత్వాలు రుద్రప్ప మీసం దువ్వాడు. "విచారణ దండగ ప్రభూ! పట్టేవాణ్ణి నేను. తీర్పూ నేనే చెప్పేస్తే పోలా? న్యాయశాఖను ఎత్తేయండి."

"ఎత్తేశాం!" అన్నాడు రాజు.

భటులు గాడిదను యజమానితో సహా కొలువులోకి ఈడ్చుకొచ్చారు. రుద్రప్ప నిలబడ్డ చోటే తీర్పు చెప్పేశాడు. గాడిదకు ఉరి, దాని యజమాని ఓబులేసుకు దేశబహిష్కారం. ఆ గాడిద మీదే ఉప్పు బస్తాలు వేసుకుని ఊరూరా అమ్ముకునే ఓబులేసు, దాని మెడ కావిలించుకుని బావురుమన్నాడు.

అక్కమాంబ ముందుకొచ్చింది. వాదిస్తే వినేవాడెవడు? చేతులు జోడించింది.

"ఈ ఒక్క పత్రం పూర్తి చేసి పోతాను ప్రభూ. అరిచింది ఈ గాడిదేనని సాక్షి గొంతు గుర్తుపట్టాలి. కొత్వాలుగారు కళ్లకు గంతలు కట్టుకుని చెబితే చాలు."

"ఆ గొంతు చచ్చినా మరిచిపోను!" అంటూ రుద్రప్ప గంతలు కట్టించుకున్నాడు.

అక్కమాంబ రాజు చెంతకెళ్లి మెల్లగా అంది. "ప్రభూ, ఇందాకటి పాట మధ్యలోనే ఆగిపోయింది."

రాజు పొంగిపోయి గొంతెత్తాడు.

"అదే! ఆ దరిద్రపు గాడిదే! ముందు దాని నోరు మూయించండి!" అని అరిచాడు రుద్రప్ప.

గంతలు విప్పి చూస్తే ఎదురుగా రాజు, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

"వీణ్ణి ఉరి తీయండి!" అని గర్జించాడు రాజు.

అక్కమాంబ తల వంచింది.

"తీయిద్దాం ప్రభూ. కానీ పట్టేదీ కొత్వాలే, తీర్పు చెప్పేదీ కొత్వాలే కదా!"

రుద్రప్ప గబుక్కున తన జుట్టు తనే పట్టుకున్నాడు. అంతలోనే వదిలేశాడు.

"విచారించాను ప్రభూ! నేను నిర్దోషిని!"

రాజు మూతి ముందు వణికింది, తర్వాత పొట్ట కదిలింది. చివరికి సింహాసనం మీంచి జారిపోయేంతగా నవ్వాడు. సభ కూడా అందుకుంది.

"తల్లీ, ఆ గాడిదను వదిలేయించి, తీర్పుల పని వీడి చేతిలోంచి లాక్కో!" అంటూ న్యాయమంత్రి ముద్రికను రాజు అక్కమాంబ చేతిలో పెట్టాడు.