పదమూడు తక్కువ చూపే ముల్లు

"భయస్థుల చేతికి తాళం ఇవ్వొచ్చా, మావయ్యా?" అని మరిడమ్మ అడిగిన రోజున వీరభద్రయ్య జవాబు చెప్పలేదు. ఉప్పు తెమ్మన్నాడు.

ఆయన పద్ధతే అంత. గోదావరి లంకల్లో నలభై ఏళ్ళు చుట్టలు చుట్టిన మనిషి. పాకలో ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఏదైనా అడిగితే నోటితో కాక చేతితో బదులిచ్చేవాడు. ఆకు ఎందుకు చిట్లిందంటే ఇంకో ఆకు చేతిలో పెట్టి "మళ్ళీ చుట్టు" అనేవాడు. దానికి మిగతావాళ్ళకి ఒళ్ళు మండేది. మరిడమ్మకి మాత్రం భయం వేసేది. పనిలో చేరి ఏడేళ్ళయినా తను కట్టిన దారం ఒకసారి విప్పి మళ్ళీ కట్టుకుంటే గాని చుట్ట పక్కన పెట్టేది కాదు.

ఆ వేసవిలో వీరభద్రయ్య వేళ్ళకి తిమ్మిరి పట్టి స్పర్శ పోయింది. చుట్టడం మానేశాడు. చివరగా ఆయన చుట్టినవి మూడు వందల చుట్టలు, రెండేళ్ళు మాగిన లంకాకువి, టేకు పెట్టెలో ఉన్నాయి. అవి పాడైతే ఆ చేతి చుట్ట లోకంలో ఇంక లేదు. ఆ పెట్టె తాళం వరసకి కోడలైన మరిడమ్మకిచ్చి, వానాకాలం దాటించమన్నాడు.

పెట్టెను కాపాడటమంటే అందులో తేమను కాపాడటమే. ఇదివరకు ఆయన ఒక చుట్టని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కి, "బాగుంది" అనేవాడు. ఇప్పుడు పెట్టె మూతకి లోపలివైపు వాచీలాంటి బిళ్ల ఒకటి బిగించారు. దాని ముల్లు తేమ నూటికి ఎంతుందో చూపిస్తుంది. డెబ్బై దగ్గరుంటే చుట్ట సుఖంగా ఉన్నట్టు. అరవై దిగితే పై ఆకు చిట్లుతుంది, ఎనభై దాటితే బూజు పడుతుంది. తేమ తగ్గితే నానబెట్టిన ఇటుక ముక్కని మూకుట్లో పెట్టి పెట్టెలో ఉంచాలి.

శ్రావణమాసం. నాలుగు రోజులుగా ముసురు వదలలేదు. మరిడమ్మ మూత తీసి చూస్తే ముల్లు యాభై ఎనిమిది దగ్గరుంది. చుట్ట నొక్కి చూసింది. బాగానే ఉన్నట్టు అనిపించింది, కాని తన వేళ్ళు మావయ్య వేళ్ళు కావు గదా! ఇటుక నానేసింది. తీసి పెట్టెదాకా వెళ్ళింది, వెనక్కి తెచ్చి మళ్ళీ నీళ్ళలో వేసింది. పక్క పీట మీద చుట్టలు చుడుతున్న సూరమ్మ ఇదంతా చూస్తూనే ఉంది.

"ఊరంతా తడిసి ముద్దవుతుంటే నీ పెట్టెలోనే కరువొచ్చిందటే?" అంది.

"నవ్వకు పిన్నీ. ముల్లు నిజమైతే ఎండిపోతాయి. అబద్ధమైతే నేను పెట్టిన ఇటుకకే బూజు పడతాయి. రెంటికీ నేనే ముద్దాయిని."

అప్పుడు వెళ్ళి మావయ్యని అడిగిందే మొదట చెప్పిన ఆ ప్రశ్న. తాళం ఆయన మంచం మీద పెట్టేసింది కూడా. రాజమండ్రి నుంచి కొత్త బిళ్ల తెప్పిద్దామంది.

"దాన్ని దేనితో సరిచూస్తావు? ఇంకోటి తెప్పిస్తావా?" అని ఆయన ఉప్పు తెమ్మన్నాడు.

సీసా మూతలో ఉప్పు పోయించి, నాలుగు చుక్కల నీళ్ళు వేయించాడు. ఉప్పు కరగకూడదు, తడి ఇసుకలా ఉండాలి. దాన్నీ, పెట్టెలోంచి ఊడదీసిన బిళ్లనీ ఒక స్టీలు డబ్బాలో పక్కపక్కన పెట్టించి, బయటి గాలి చొరబడకుండా గట్టిగా మూత వేయించాడు. మద్రాసులో పొగాకు గోడౌనులో పనిచేసిన రోజుల్లో నేర్చుకున్న పని అది.

"వానైనా ఎండైనా తడి ఉప్పు పక్కన తేమ డెబ్బై అయిదు. అది మారదు. ఒక పగలూ ఒక రాత్రీ ఆగి, ముల్లు ఎక్కడుందో చూడు" అన్నాడు.

సాయంత్రానికే మరిడమ్మ డబ్బా పట్టుకొచ్చింది. "ఉప్పు కూడా మాట మారుస్తోంది, మావయ్యా! ఒకసారి అరవై అంటుంది, ఒకసారి అరవై అయిదు అంటుంది, ఇంకోసారి అరవై నాలుగు."

"ఎన్నిసార్లు మూత తీశావు?"

ఆమె డబ్బా మూత ఇంకాస్త బిగించింది.

"పొదిగే కోడిని లేపి లేపి గుడ్లు చూసింది, బావగారూ" అని సూరమ్మ లోపలినుంచి అరిచింది. "పదకొండుసార్లు. నేను లెక్కపెట్టాను."

"చూడకపోతే తెలిసేదెలా?" అంది మరిడమ్మ.

వీరభద్రయ్య డబ్బా తీసుకుని తలగడ పక్కన పెట్టుకున్నాడు. దాని మీద తువ్వాలు కప్పాడు. తాళం ఆమె చేతిలో పెట్టాడు. "రేపు ఈ వేళకి రా. అందాకా పెట్టె తియ్యకు. ఇటుక పెట్టకు."

"ఈలోగా ఎండిపోతే?"

"ఎండిపోతుంది."

"బూజు పడితే?"

"పడుతుంది."

మరునాడంతా ఆమె చుట్టిన చుట్టల్లో ఒక్కటీ తిన్నగా రాలేదు. ఇప్పుడు పెట్టెలో ముల్లు కూడా లేదు. బొడ్డులో దోపుకున్న తాళాన్ని గడియకోసారి తడుముకుంది. నీళ్ళలో ఇటుక నానుతూనే ఉంది. రెండుసార్లు పెట్టెదాకా వెళ్ళి, మూత మీద చెయ్యి వేసి, వెనక్కి వచ్చి పీట మీద కూర్చుంది. సూరమ్మ కూడా ఆ పూట వేళాకోళం మానేసింది.

వేళ కాగానే వీరభద్రయ్య డబ్బా మూత తీసి ఆమెకు చూపించాడు. ముల్లు అరవై రెండు దగ్గర కదలకుండా నిలబడి ఉంది. డెబ్బై అయిదు చూపించాల్సింది, పదమూడు తక్కువ చూపిస్తోంది.

మరిడమ్మ వేళ్ళ మీద కూడుకుంది. పెట్టెలో అది చూపించింది యాభై ఎనిమిది. పదమూడు కలిపితే డెబ్బై ఒకటి. బిళ్ల చేత్తో పట్టుకునే పరిగెత్తుకు వెళ్ళి పెట్టె తీసింది. ఎక్కడా బూజు లేదు, ఒక్క ఆకూ చిట్లలేదు. ఒక చుట్టని చెవి దగ్గర పెట్టి నొక్కింది. ఆయన కర్ర ఆనించుకుంటూ వెనకే వచ్చాడు.

"ఏమంటోంది?"

"బాగుందంటోంది." చుట్టని పెట్టెలో పెడుతూ, "నిన్న కూడా ఇదే అంది, మావయ్యా" అంది.

ఆమె నీళ్ళలోంచి ఇటుక తీసి అవతల పారేసింది. అదే ఊపులో బిళ్లని కూడా విసరబోతే ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"రోజూ పదమూడే తగ్గించి చెప్పేది అబద్ధాలకోరు కాదే, మరిడీ. మళ్ళీ మూతకి బిగించు."

బిగించింది. తాళం వేసింది. తాళంచెవి బొడ్డులో దోపుకుంది.

"మళ్ళీ నాకు భయం వేస్తే?"

"వేస్తుంది" అన్నాడు వీరభద్రయ్య, మంచం వైపు నడుస్తూ. "పదమూడు కలుపుకో."