చివరి సైకిల్

ఒంగోలులో మోటారు పంపుల దుకాణం నడిపే చెంచురామయ్య కష్టజీవే, నలుగురికీ కావలసినవాడే, కాని చూడకుండానే చూశానని చెప్పేసే అలవాటు ఒకటి అతనికి ఉండేది. "ఈ మోటారు తిప్పి చూశావా?" అని రైతు అడిగితే, "చూశానయ్యా, తీసుకుపో" అనేవాడు. గ్యాసు కట్టేశారా అని భార్య అడిగితే, మంచం మీద నుంచి లేవకుండానే కట్టేశాననేవాడు. చాలాసార్లు మోటారు బాగానే తిరిగేది, గ్యాసు కట్టేసే ఉండేది. అందువల్ల అది అబద్ధమని అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

ఒక ఏడాది పంపుల కంపెనీవారు తమ డీలర్లలో ఎనిమిది మందిని ఏరి, డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్ చూపించడానికి తీసుకువెళ్ళారు. చెంచురామయ్య ఆ ఎనిమిది మందిలో ఒకడు. హోటల్లో అతని గదిలోనే దిగినవాడు నంద్యాల డీలరు గంగిరెడ్డి. అరవై నాలుగేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. ఇంగ్లీషు రాదు. లిఫ్టు ఎక్కడం దగ్గర నుంచి కాఫీ అడగడం దాకా అన్నిటికీ చెంచురామయ్యనే నమ్ముకున్నాడు. ఆయనకు షుగరు జబ్బు ఉంది. రోజూ పొద్దున్నే పొట్టకు ఇన్సులిన్ సూది వేసుకునేవాడు.

మూడో రోజు శనివారం. గైడు వెంట సైకిళ్ళ మీద ఊరు చూడాలని ఏర్పాటు. గంగిరెడ్డికి శనివారం ఒక్కపొద్దు. ఆ రోజు కూడా అలవాటు ప్రకారం సూది వేసుకున్నాడు. అరటిపండు ఒలిచి సగం తిని, మిగతా సగం ప్లేటులో పెట్టేశాడు. పక్కనే బూట్లు తొడుక్కుంటున్న చెంచురామయ్య అది చూశాడు. అంతేనా తినడం అని అడిగితే, మధ్యాహ్నం కడుపునిండా తింటానులే అన్నాడు గంగిరెడ్డి. చెంచురామయ్య సరేనని లేచాడు.

గైడు పేరు బిర్గిట్. ఏభై దాటిన ఆవిడ, సన్నగా, చలాకీగా ఉంది. అందరికీ సైకిళ్ళు ఇచ్చి, ఆ ఊరి పద్ధతులు చెప్పింది. రోడ్డుకు కుడి పక్కన సైకిళ్ళకు వేరే దారి ఉంది. ఆగాలంటే ముందుగా చెయ్యి పైకెత్తాలి. తోచినట్టు ఆగితే వెనకవాళ్ళు వచ్చి గుద్దేస్తారు. అంతా చెప్పాక నారింజ రంగు కోటు ఒకటి తీసి, ఇంగ్లీషు తెలిసినవాడని చెంచురామయ్య చేతికిచ్చింది.

"నువ్వు అందరికంటే చివర రావాలి. నీ వెనక మనవాళ్ళు ఎవరూ ఉండకూడదు. ఎవరైనా ఆగితే నువ్వూ ఆగి ఈల వెయ్యి. ఆగిన ప్రతిచోటా నేను నీ వైపు చూస్తాను. నీ ముందున్న ఏడుగురినీ లెక్కపెట్టుకుని చెయ్యెత్తు. నువ్వు చెయ్యెత్తితేనే నేను కదులుతాను" అంది.

తెలిసిందని చెంచురామయ్య ఈల మెడలో వేసుకున్నాడు. కాని అతని మనసు ముందు వరసలో ఉంది. ఊరంతా వీడియో తీసి దుకాణంలో పెట్టిన పెద్ద టీవీలో వేసి చూపించాలని అతని కోరిక. చివర ఉంటే అన్నీ జనం వీపులే కనపడతాయి.

మొదట రాజభవనం ముందు ఆగారు. చెంచురామయ్య ఏడుగురినీ వేలుపెట్టి లెక్కపెట్టి చెయ్యెత్తాడు. తరువాత రంగురంగుల ఇళ్ళున్న కాలువ దగ్గర ఆగారు. అక్కడ పైపైన ఒక చూపు చూసి చెయ్యెత్తాడు. అక్కడి నుంచి ఒక పొడవాటి వంతెన దాటి, ఇరుకైన మరో కాలువ వెంట పోతున్నారు. ఎదురుగాలి మొదలైంది. గంగిరెడ్డి సైకిల్ మరీ నెమ్మదించింది. ఆయన ముక్కీ మూలిగీ తొక్కుతుంటే, వెనక చెంచురామయ్య బ్రేకు మీద బ్రేకు వేసుకుంటూ రావలసి వచ్చింది. ముందు మలుపులో ఒక చర్చి కనపడింది. దాని శిఖరం చుట్టూ మెలికలు తిరుగుతూ పైదాకా మెట్లున్నాయి. బిర్గిట్ ఆగకుండానే సైకిల్ నెమ్మది చేసి, దాని గురించి ఏదో చెబుతూ చెయ్యి చాపి చూపిస్తోంది. మిగతావాళ్ళు ఫోన్లు తీస్తున్నారు.

చెంచురామయ్య ఇక ఉండబట్టలేకపోయాడు. గంగిరెడ్డిని దాటుకుంటూ, మెల్లగా రమ్మని, తాను ఆ చర్చి దగ్గర ఉంటానని చెప్పి ముందుకు వెళ్ళిపోయాడు. చర్చిని వీడియో తీశాడు. మళ్ళీ అందరూ వేగం అందుకున్నారు. కాస్త దూరం పోయాక వెనక నుంచి గాలిలో ఒక పిలుపు వినపడింది.

"చెంచురామయ్యా, ఒక్క నిమిషం ఆగు నాయనా."

అతను తల తిప్పబోయి మానేశాడు. తిరిగి చూస్తే ఆగాలి. ఆగితే మళ్ళీ అందరికంటే వెనక పడాలి. వస్తాడులే అనుకున్నాడు.

హార్బరు ఒడ్డున బిర్గిట్ ఆగి, దూరం నుంచి అతని వైపు చూసింది. చెంచురామయ్య అక్కడి ఓడను వీడియో తీస్తూనే రెండో చెయ్యి పైకెత్తాడు. ఆవిడ కదిలింది. సైకిళ్ళ కోసమే కట్టిన పెద్ద వంతెన ఎక్కి, దిగి, ఇంకో పావుగంట తొక్కి ఒక కాఫీ హోటలు ముందు ఆగారు. అందరూ సైకిళ్ళకు తాళాలు వేశారు. తెనాలి డీలరు పట్టాభి చుట్టూ చూసి, రెడ్డిగారేరి అని అడిగాడు.

బిర్గిట్ సైకిళ్ళు లెక్కపెట్టింది. తనది పోను ఏడే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. నేరుగా చెంచురామయ్య దగ్గరికి వచ్చి, ఆయన్ను చివరిసారి ఎక్కడ చూశావని అడిగింది.

చెంచురామయ్య ఒంటి మీద నారింజ కోటు ఉంది. ఆరుగురు తోటి డీలర్లు అతని వైపే చూస్తున్నారు. తప్పు చెప్పుకోవడం కంటే, అలవాటైన మాట తొందరగా బయటికి వచ్చింది.

"ఇప్పుడే. ఈ సైకిళ్ళ వంతెన ఎక్కేటప్పుడు నా ముందే ఉన్నాడు."

బిర్గిట్ మిగతావాళ్ళను అక్కడే ఉండమని చెప్పి, చెంచురామయ్యను వెంటబెట్టుకుని వెనక్కి తొక్కింది. గంగిరెడ్డి ఫోను హోటల్లో వైఫై ఉంటేనే పనిచేసేది. పిలిచే దారి లేదు. వంతెన మీద ఈ చివర నుంచి ఆ చివరికి వెతికారు. ఎదురొచ్చిన వాళ్ళను ఆపి అడిగారు. ఎవరూ చూడలేదన్నారు. వంతెన కిందికి దిగి అటు ఇటు రెండు ఒడ్లూ తిరిగారు. బిర్గిట్ కమ్మీ మీదుగా వంగి నల్లటి నీళ్ళలోకి చూసింది. ఆవిడ చూపు నీళ్ళ మీద ఒకచోట ఆగితే చెంచురామయ్య పరుగున వచ్చి తొంగి చూశాడు. అది తేలుతున్న చెక్క.

అప్పటికి పావుగంట గడిచింది. పొద్దున గంగిరెడ్డి ప్లేటులో పెట్టేసిన సగం అరటిపండు చెంచురామయ్య కళ్ళముందు కదిలింది. సూది వేసుకున్నాడు. తినలేదు. రెండు గంటలుగా సైకిల్ తొక్కుతున్నాడు. ఒంగోలులో తన మేనమామ ఇలాగే సూది వేసుకుని తినకుండా పొలం పోయి, గట్టు మీద పడిపోయాడు. ఆయన్ను నలుగురూ మోసుకొచ్చారు, కాని ఆయన మళ్ళీ లేవలేదు.

నిజం చెబితే పరువు పోతుంది. ఈ మాట కంపెనీదాకా పోతుంది, పట్టాభి నోటి ద్వారా జిల్లాలన్నీ తిరుగుతుంది. చెప్పకపోతే ఈ వంతెన చుట్టూ ఇలాగే తిరుగుతూ ఉంటారు. గంగిరెడ్డి ఇక్కడ లేడని చెంచురామయ్యకు తెలుసు. ఈ ఊళ్ళో ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే.

బిర్గిట్ మళ్ళీ నీళ్ళ వైపు నడవబోయింది. చెంచురామయ్య ఆవిడ సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఇక్కడ కాదు. నేను అబద్ధం చెప్పాను. వంతెన దగ్గర ఆయన్ను నేను చూడలేదు. హార్బరు దగ్గర లెక్కపెట్టకుండానే చెయ్యెత్తాను."

బిర్గిట్ అతన్ని తిట్టలేదు. అలా ఒక్క క్షణం చూసి, అయితే నిజంగా నీ కళ్ళతో చూసింది ఎక్కడ అని అడిగింది. మెలికల శిఖరం ఉన్న చర్చికి ముందు, కాలువ ఒడ్డున అని చెప్పాడు. ఇన్సులిన్ సంగతీ ఒక్కపొద్దు సంగతీ తడబడుతూ చెప్పాడు. అది వినగానే ఆవిడ ముఖం పాలిపోయింది. వెంటనే అంబులెన్సుకు ఫోను చేసి, ఆ కాలువ పేరు చెప్పి, సైకిల్ ఎక్కింది.

చెంచురామయ్య జన్మలో ఎప్పుడూ అంత వేగంగా తొక్కి ఉండడు. ఊపిరి గొంతులో మండుతోంది. దారిలో వెళ్ళే వాళ్ళు గంటలు కొట్టి అరుస్తున్నా వినిపించుకోలేదు. కాలువ ఒడ్డుకు గోడ లేదు, కమ్మీ లేదు, రాతి అంచు దాటితే నీళ్ళే. శనివారం కావడంతో ఒడ్డు పొడుగునా జనం కాళ్ళు వేలాడేసుకుని బీరు తాగుతూ కూర్చున్నారు. వాళ్ళ మధ్య నుంచి ప్రతి ముఖాన్నీ చూసుకుంటూ పోయాడు. ఈసారి ఒక్క మనిషిని కూడా చూడకుండా వదల్లేదు.

బోర్లించి పెట్టిన పడవ ఒకటి ఒడ్డున ఉంది. దాని వెనక సైకిల్ చక్రం కనపడింది. గంగిరెడ్డి సైకిల్ కింద సగం, పడవ పక్కన సగం పడి ఉన్నాడు. ఒక చెయ్యి రాతి అంచు అవతల నీళ్ళ మీదికి వేలాడుతోంది. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. నాలుగడుగుల దూరంలో ఇద్దరు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. తాగి పడుకున్నాడని అనుకున్నామని వాళ్ళు తరువాత చెప్పారు.

చెంచురామయ్య మోకాళ్ళ మీద పడి, రెడ్డిగారూ రెడ్డిగారూ అని పిలిచాడు. కనురెప్పలు కాస్త కదిలాయి. పెదవులు ఏదో గొణిగాయి. తన సంచిలోంచి పళ్ళరసం తీసి ఆయన నోట్లో పొయ్యబోతే, బిర్గిట్ చెయ్యి పట్టుకుని ఆపింది. స్పృహలేని మనిషికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందంది. ఇద్దరూ కలిసి ఆయన్ను అంచు నుంచి ఇవతలికి లాగి పక్కకు తిప్పి పడుకోబెట్టారు. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు. చెంచురామయ్య ఆయన తల పట్టుకుని, ఆ ఊపిరి వస్తోందా పోతోందా అని వింటూ కూర్చున్నాడు. అంబులెన్సు రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో కాని, అతనికి అది తెగని కాలంలా అనిపించింది.

అంబులెన్సువాళ్ళు వచ్చి నరానికి గ్లూకోజు ఎక్కించారు. కాసేపటికి గంగిరెడ్డి కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాడో తెలియక భయంగా చుట్టూ చూశాడు. పడినప్పుడు భుజం ఎముక విరిగింది. ఆసుపత్రిలో డాక్టరు, ఇంకొంత ఆలస్యమై ఉంటే మనిషి దక్కేవాడు కాదని చెప్పాడు. వంతెన దగ్గర పోయిన పావుగంట చెంచురామయ్య గుండెల్లో ముల్లులా దిగింది.

సాయంత్రం డీలర్లందరూ వచ్చి చూసి వెళ్ళారు. జరిగింది వాళ్ళకు తెలిసిపోయింది. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. అతనితో మాట్లాడనూ లేదు. అందరూ వెళ్ళాక చెంచురామయ్య ఒక్కడే మంచం పక్కన మిగిలాడు. కట్టు కట్టిన భుజంతో గంగిరెడ్డి పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. తరువాత మెల్లగా అడిగాడు.

"కళ్ళు తిరుగుతుంటే నిన్ను పిలిచినాను. నీకు వినపడిందా?"

గాలిలో వినపడలేదు అంటే సరిపోయేది. ఆయన నమ్మేవాడు. అది అబద్ధమని రుజువు చెయ్యగలిగే మనిషి లోకంలో ఎవరూ లేరు. చెంచురామయ్య చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని తల వంచాడు.

"వినపడింది రెడ్డిగారూ. విని కూడా వెనక్కి తిరగలేదు."

గంగిరెడ్డి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. క్షమించానని అనలేదు. పొమ్మనీ అనలేదు. చివరికి ఆయన, తన ఇంటికి ఫోను కలపమన్నాడు. పడ్డానని మాత్రం నువ్వు చెప్పు, ఎట్ల పడితినో నేను చెప్పుకుంటాను అన్నాడు. చెంచురామయ్య ఫోను కలిపాడు. అవతల గంగిరెడ్డి భార్య పలికింది. పడ్డాడని చెప్పి, ఆగి, ఎలా పడ్డాడో కూడా తానే చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. అవతల ఆవిడ ఏడుపు వింటూ నిలబడ్డాడు.

మిగిలిన రెండు రోజులూ చెంచురామయ్య ఊరు చూడటానికి వెళ్ళలేదు. ఆసుపత్రిలోనే ఉండి గంగిరెడ్డికి అన్నం కలిపి తినిపించాడు. ఒంగోలు వచ్చాక రైతు మోటారు కొనడానికి వస్తే, ఎదురుగా తిప్పి చూపించాకే ఇచ్చేవాడు. తిప్పి చూడనిదాన్ని "ఇంకా చూడలేదు" అని చెప్పేవాడు. ఆ మాట చెప్పడానికి మొదట్లో సిగ్గుపడ్డాడు. తరువాత అలవాటైపోయింది.

చూడకుండా చూశాననే మాట చిన్నదిగానే కనపడుతుంది, కాని దాన్ని నమ్మినవాళ్ళు ఇక తాము చూడటం మానేస్తారు గనుక, తెలియనిదాన్ని తెలియదని చెప్పడమే ఎదుటివారి ప్రాణానికి మనమిచ్చే మొదటి కాపలా.