గవరమ్మ మింగిన ఊ

కోటగుమ్మం పట్టనంత మీసాలున్న గండవర్మ మహారాజు కథ చెబితే కోటలో పనిచేసే ముసలి గవరమ్మ ఊకొట్టాలి. కొట్టకపోతే నాలుక తెగుతుంది.

ఆ రోజు కథలో రాక్షసుడు రాజును చంపగానే, ఉయ్యాల్లోని ఆ రాజు కొడుకు పగబట్టి, తాడిచెట్టంత ఎదిగి, రాక్షసవంశమంతా నరికేశాడు. ఉయ్యాల్లో పాలకోసం ఏడుస్తారుగానీ పగబడతారా? గవరమ్మ గొంతులోనే ఊ ఆగిపోయింది.

"దీని నాలుక కోయండి" అన్నాడు రాజు.

"కోయించండి ప్రభూ. ఊరికో ఉయ్యాల్లో నాకు మనవలున్నారు. మీ కథ నిజమైతే వాళ్ళంతా ఎదిగొచ్చి మీ వంశాన్ని నరుకుతారు. అలా జరగదంటారా, మీ కథ నమ్మేది కాదన్నమాట. మరి నేనెందుకు ఊకొట్టాలి?"

రాజుగారి మీసాలు మోకాళ్ళదాకా జారాయి.

"నాలుక ఉంచుకుని ఇంటికి పోవే."

"ఊ" అంది గవరమ్మ.